కాలికి కట్టున్న స్టూలు

తడిగుడ్డ పిండి ఆయమ్మ స్టూలు తుడుస్తోంది. పైచెక్క నిండా సొట్టలు. ఒక కాలికి, విరిగిన ఎముకకి కట్టినట్టు, తెల్లటి బ్యాండేజీ కట్టు. అది మాసినప్పుడల్లా ఆయమ్మే మారుస్తుంది. ఈ ఉదయం కూడా మార్చింది. తుడవడం అయ్యాక కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత స్టూలు వైపు తిరిగి, "ఈ ఒక్కరోజూ ఓర్చుకో తల్లీ," అంది.

అది టీకాల గది. అక్కడి పద్ధతి మాత్రం ఆయమ్మది. నర్సమ్మ సూది వేయగానే, బిడ్డ గుక్కపట్టేలోపు, ఆయమ్మ స్టూలు ముందుకు లాగి చెక్క గరిటె చేతికిస్తుంది. "ఇదే, ఇదే గుచ్చింది! నాలుగు తగిలించు దీనికి!" మరీ పసివాళ్ల తరఫున తనే కొడుతుంది. ఏడుపు సగంలో ఆగి నవ్వవుతుంది. నర్సమ్మ మీద ఏ బిడ్డకీ కోపం ఉండదు. నేరమంతా స్టూలుదే.

ఇవాళ్టితో ఆయమ్మ ఉద్యోగం అయిపోతుంది. ఆమె చోట్లోకి ఇంకెవరినీ తీసుకోరట. సూది వేయడానికి మనిషి కావాలని పైవాళ్లకి తెలుసు. ఏడుపు మాన్పడానికీ ఒక మనిషి కావాలని వాళ్లకి ఎవరైనా చెప్పారో లేదో. ఆయమ్మకి కోపం లేదు, ఆ సందేహం ఒక్కటే ఉంది. స్టూలు ఆమె ఇంటినుంచి తెచ్చిందే. తిరిగి తీసుకెళ్దామని ఒక తాడు కూడా తెచ్చుకుంది.

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. గుమ్మంలో ఒక యువకుడు, చంకలో ఏడాదిన్నర పాప. లోపలికి రాడు, పోనూ పోడు.

"రా నాయనా, ఎండలో ఎందుకు?" అంది ఆయమ్మ.

"మా ఆవిడ పంపింది. నాకే వేయించాలని లేదు." ఫోన్ తీసి చూపించాడు. "టీకా వేస్తే పిల్లలకి ఏదేదో అవుతోందని రోజూ మెసేజీలు వస్తున్నాయి. నిజమో అబద్ధమో ఎవర్ని అడగను?"

"భయపడటం తండ్రి పనే. అడగాల్సిన మనిషి లోపల ఉంది. అడిగి చూసుకో."

నర్సమ్మ నవ్వలేదు, కసురుకోలేదు. కూర్చోబెట్టింది. "జ్వరం రావచ్చు, వేసినచోట వాచవచ్చు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఎక్కడో అరుదుగా ఇంకేదైనా అయితే చూసుకోవడానికే కాసేపు ఇక్కడ ఉండమంటాం. ఇది ఆపే జబ్బులున్నాయే, అవి అలా వచ్చి ఇలా పోయేవి కావు."

"అంటే ఏమీ కాదని మాత్రం చెప్పరు."

"అబద్ధం చెప్తే ఇంకోసారి నన్ను నమ్మవుగా తమ్ముడూ."

అతను పాపని గుండెకి హత్తుకుని లేచాడు. అడుగు తలుపు వైపే పడింది. ఆఖరిరోజు ఒక బిడ్డ ఇలా వెనక్కి పోవాలా? ఆయమ్మ మనసులో దేవుణ్ణి తలుచుకుంది గాని, చెయ్యి పట్టుకుని ఆపలేదు. దారికి అడ్డంగా ఉందని స్టూలు పక్కకి జరిపింది.

అతను ఆగిపోయాడు. "ఈ కట్టు..."

"ఎవడో గడుగ్గాయి. అయిదేళ్ల టీకాకి వచ్చాడు. గరిటె చాలక కాలెత్తి తన్నాడు. దీని కాలు విరిగింది. కట్టు కట్టేదాకా కదలనని మళ్లీ వాడే భోరుమన్నాడు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "దానికి నొప్పి తగ్గిందా అని మా అమ్మని రోజూ అడిగేవాణ్ణి."

"నువ్వట్రా దొంగా! ఇన్నేళ్లకి దొరికావు!" ఆయమ్మ గరిటె ఎత్తింది. నర్సమ్మకి నవ్వాగలేదు. సంగతేమిటో తెలియకపోయినా పాప కూడా కిలకిలలాడింది.

అతను వంగి కట్టుని వేలితో తడిమాడు. మళ్లీ కూర్చున్నాడు. "సూది గుర్తే లేదు. ఇదే గుర్తుంది." నర్సమ్మ వంక చూశాడు. "జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?"

"నాకే."

"అయితే వేయండి. నేనే పట్టుకుంటాను."

పాప గుక్కపట్టింది. ఆయమ్మ చెయ్యి చాపేలోపే తండ్రి స్టూలు లాగాడు. "ఇదే తల్లీ, ఇదే! కొట్టు దీన్ని!" పాప కొట్టింది. మొదటి దెబ్బ గురి తప్పి తండ్రి మోకాలికి తగిలింది.

"అదీ న్యాయమే," అంది ఆయమ్మ.

సాయంత్రం నర్సమ్మ తాడు అందుకుంది. "స్టూలు కట్టి ఇవ్వనా అక్కా?"

"ఇంట్లో దీన్ని కొట్టేవాళ్లెవరే? ఇక్కడే ఉండనీ. కట్టు మాసితే మార్చు."

"నాకు నీ గొంతు రాదక్కా."

"గొంతు దానంతటదే వస్తుంది. దీన్ని తిట్టడం నేర్చుకో, చాలు."

ఆయమ్మ చెప్పులు తొడుక్కుంది. తాడు చేతికి చుట్టుకుంటూ, ఎదురొచ్చిన వాళ్లందరినీ పలకరిస్తూ వెళ్లిపోయింది. గదిలో కిటికీ ఎండ స్టూలు కాలి మీద పడింది. కట్టు ఇంకా మాయలేదు. సొట్టల మీద అడ్డంగా గరిటె ఉంది.