మాట్లాడనవసరం లేదు

మా ఆయన కొండల్ రావు గారు ముప్పై నాలుగేళ్ళు హైదరాబాదు అసెంబ్లీలో రిపోర్టరుగా పనిచేశారు. రిపోర్టరంటే పేపరు రిపోర్టరు కాదు. సభ మధ్యలో బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు ఏం మాట్లాడితే అది పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండులో దింపుకునే ఉద్యోగం. అక్కడ కూర్చున్నవాడు నవ్వకూడదు, తల ఊపకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఎవరి మాట నచ్చిందో, ఎవరి మాట నచ్చలేదో మొహంలో కనపడనివ్వకూడదు. ఆ నియమాన్ని ఈ మహానుభావుడు ఇంటికి కూడా పట్టుకొచ్చారు. అదీ నా ఖర్మ.

పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే తింటారు, చెయ్యి కడుక్కుని లేస్తారు. చీర బావుందా అంటే చూస్తారు, అంతే. మాట్లాడితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని నేను అడగని రోజు లేదు. రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండవ్వాలా అని మా కాలనీలో తోడల్లుళ్ళు కూడా పలకరింపులు మానుకున్న రోజుల్లో, జనగామలో పుట్టిన ఈయనా, తెనాలిలో పుట్టిన నేనూ ఒక్కసారీ కొట్లాడుకోలేదు. అందులో నా గొప్పేం లేదు. గోడతో ఎవరు కొట్లాడతారు?

సరే, ఉప్పూ చీరలూ పోనివ్వండి. కన్నకూతురి విషయంలో కూడా ఇదే పద్ధతా?

జాహ్నవి మా ఒక్కగానొక్క పిల్ల. 2001లో చదువుకని న్యూజెర్సీ వెళ్ళి, అక్కడే మందుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూ పిస్కాటవేలో స్థిరపడింది. రెండేళ్ళ క్రితం హైదరాబాదు వచ్చినప్పుడు మమ్మల్నిద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి, తను ఎదురుగా పీట మీద కూర్చుంది.

"అమ్మా, నాన్నా, నేను అవనితో ఉంటున్నాను. ఫ్రెండ్‌గా కాదు. తనే నా మనిషి. పెళ్ళంటూ చేసుకుంటే తననే చేసుకుంటాను" అంది.

నేను ఏడ్చాను, అరిచాను. ఎవరి పాడుకళ్ళు పడ్డాయో అన్నాను. రెండు రోజులు అన్నం మానేశాను. ఈయనేం చేశారో తెలుసా? పక్కనున్న ప్యాడూ పెన్సిలూ అందుకుని పిల్ల చెప్పినదంతా రాసుకున్నారు! అది చెప్పడం అయిపోయాక "నాన్నా?" అని చూసింది. "రాసుకున్న బిడ్డా" అన్నారు. అంతే. ఆ తర్వాత రెండేళ్ళు దాని గురించి అవుననలేదు, కాదనలేదు.

నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. అందులో అవని చెయ్యి కూడా ఉంది. మొన్న అక్టోబరులో ఆరు నెలలు ఉండిపోదామని మేమిద్దరం పిస్కాటవే వచ్చాం. అవని పక్క ఊరు ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. జాహ్నవి సంగతి తెలిసిన రోజు నుంచీ వాళ్ళ నాన్న ఆ పిల్లతో మాట్లాడ్డం లేదు, ఆరేళ్ళయింది. నా మోకాలి నొప్పికి వారానికి రెండుసార్లు డాక్టరు దగ్గరికి తనే కారులో తీసుకెళ్ళేది. నేనేమో కిటికీలోంచి బయటికి చూస్తూ మొహం ముడుచుకుని కూర్చునేదాన్ని. రెండో వారం అనుకుంటా, సిగ్నల్ దగ్గర ఆగి నావైపు తిరిగింది.

"ఆంటీ, నువ్వు నన్ను తిట్టాలి అంటే తెలుగులో తిట్టు. నాకు ప్రాక్టీస్ వస్తది."

నాకు నవ్వాగలేదు. ఒకసారి నవ్వేశాక ఇంక కోపం ఎక్కడ నిలుస్తుంది? మర్నాటి నుంచీ దానికి గుత్తి వంకాయ నేర్పడం మొదలుపెట్టాను.

వాళ్ళిద్దరికీ అప్పటికే సివిల్ యూనియన్ అని సర్కారు కాగితం ఒకటుంది. మొదట అదేదో రైల్వే యూనియన్ లాంటిదనుకున్నాను. కాదమ్మా, పెళ్ళి లాంటిది, కానీ పెళ్ళి కాదు అంది జాహ్నవి.

"లాంటిదేమిటే? నెయ్యి లాంటిదని డాల్డా అంటగట్టినట్టు?" అన్నాను.

"కరెక్ట్ అమ్మా! అదే ప్రాబ్లమ్!" అని నన్ను ముద్దు పెట్టుకుంది.

జనవరిలో ఆ రాష్ట్రం సభలోకి బిల్లొచ్చింది. డాల్డా కాదు, అసలు నెయ్యే ఇవ్వాలని. దాని మీద ముందు ఒక కమిటీ రాజధాని ట్రెంటన్‌లో జనం మాటలు వింటుందట. ఎవరైనా వెళ్ళి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. జాహ్నవి పేరిచ్చింది. వెళ్ళే ముందురోజు సాయంత్రం టీ ఇస్తూ, "నాన్నా, మీరూ వస్తారా?" అని అడిగింది.

ఈయన పేపరు దించి, "రిపోర్టర్లు ఉంటరా?" అన్నారు.

"తెలీదు నాన్నా. రికార్డ్ చేస్తారనుకుంటా."

మర్నాడు అందరికంటే ముందు తయారై కూర్చున్నది ఈయనే. ఇస్త్రీ ప్యాంటు, స్వెట్టరు, చేతిసంచిలో రెండు ప్యాడులు, చెక్కిన పెన్సిళ్ళు నాలుగు. జాహ్నవి వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాన్న నాకోసం వస్తున్నారా, డ్యూటీకి వస్తున్నారా?"

"మీ నాన్న సంగతి నన్నడుగుతావేమిటే? నలభై ఏళ్ళ నుంచీ నేనూ అదే వెతుక్కుంటున్నాను."

"జోక్ కాదమ్మా. మార్చిలో మీరెళ్ళిపోతారు. చట్టం వచ్చినా సరే, నాన్న ఇష్టపడి వచ్చి నిలబడకపోతే నాకు పెళ్ళి వద్దు. ఐ మీన్ ఇట్. అవనికి కూడా చెప్పేశాను." దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మా ఆయన్ని నాలుగు కడిగెయ్యాలనిపించింది. పులిహోర డబ్బా మూత పెట్టుకుంటూ ఊరుకున్నాను.

ట్రెంటన్‌లో గుమ్మం దగ్గరే మొదటి అవమానం జరిగింది. ఈయన జేబులోంచి పాత అసెంబ్లీ గుర్తింపుకార్డు తీసి కాపలా ఆయనకి చూపించి, నేరుగా ముందున్న బల్లవైపు నడిచారు! ఏ దేశంలోనైనా సభ అంటే రిపోర్టరు బల్ల తనకోసం ఖాళీగా ఉంటుందని ఈయన నమ్మకం. కాపలా ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అఫీషియల్ రిపోర్టర్, రిటైర్డ్" అన్నారు ఈయన నిటారుగా నిలబడి. పాపం మంచివాడు, నవ్వకుండా తీసుకెళ్ళి జనం కుర్చీల్లో మొదటి వరసలో కూర్చోబెట్టాడు. నేను తలొంచుకుని వెనకాలే వెళ్ళాను.

గుమ్మం పక్కన బల్ల మీద చిన్న కాగితాలు పెట్టి ఉన్నాయి. పేరు, ఊరు, ఎవరి తరఫున వచ్చారు, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా, మాట్లాడతారా లేదా. అది నింపి గుమాస్తాకిస్తే మన పేరు రికార్డులోకెక్కుతుందని అవని చెప్పింది. నాకోసం ఒకటి నింపి సంతకం పెట్టించింది. ఈయన ఆ కాగితాల మొహం కూడా చూడలేదు. ప్యాడు తెరిచారు.

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడారు. ఒకావిడ ఇరవై ఏళ్ళు కలిసున్న మనిషి పోతే అంత్యక్రియల కాగితాల దగ్గర తననెలా పక్కకి నెట్టారో చెప్పింది. ఒక పెద్దాయన ఇది దేవుడికి ఇష్టం లేదన్నాడు. దేవుడు నిన్న సాయంత్రం వాళ్ళింటికొచ్చి కాఫీ తాగి చెప్పినట్టే చెప్పాడు. ఆవిడ మాటలూ ఆ పెద్దాయన మాటలూ మా ఆయన పెన్సిలు ఒకే వేగంతో రాసుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత జాహ్నవిని పిలిచారు.

అది ఇంగ్లీషులో అన్నది నాకు అర్థమైనంతలో చెబుతున్నాను. అవనికి అర్జెంటుగా ఆపరేషన్ పడ్డ రోజు, ఆసుపత్రి కౌంటరు దగ్గర నువ్వెవరని అడిగితే సివిల్ యూనియన్ అని చెప్పాను, అంటే ఏమిటని అడిగారు, లోపల తను నొప్పితో అరుస్తుంటే నేను బయట చట్టం పాఠం చెబుతూ నిలబడ్డాను, 'నా భార్య' అని ఒక్క మాట అనగలిగితే ఆ పదిహేను నిమిషాలు తన పక్కన ఉండేదాన్ని అంది. అక్కడివరకూ రాసుకొచ్చిన కాగితం చూసి బాగానే చదివింది. తర్వాత కాగితం పక్కన పెట్టేసింది.

"మా అమ్మానాన్న ఇక్కడే ఉన్నారు. మా నాన్న జీవితమంతా చట్టసభలో ఇతరుల మాటలు రాశారు. రెండేళ్ళ క్రితం నా మాటలూ రాసుకున్నారు. ఇప్పుడు కూడా రాస్తున్నారు, చూడండి. ఆయన మనసులో ఏముందో నాకింతవరకూ తెలీదు. మీ నిర్ణయం కోసం నేను ఓపిగ్గా ఎదురుచూడగలను. కానీ ఆయన..."

మొహం చేతుల్లో దాచుకుంది. అధ్యక్షుడు మెల్లిగా, "అమ్మా, టైమైపోయింది" అన్నాడు. అవని లేచి వెళ్ళి దాన్ని పట్టుకుని తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టింది.

నేను ఈయన వైపు తిరిగాను, అక్కడే నాలుగు అనేద్దామని. పెన్సిలు ఆగిపోయి ఉంది. అక్కడ అసెంబ్లీలో మైకులు విరగ్గొట్టుకున్న రోజున కూడా ఆగని చెయ్యి అది. తరవాతి మనిషి వచ్చి మాట్లాడ్డం మొదలుపెట్టినా కదల్లేదు.

ఉన్నట్టుండి లేచారు. స్వెట్టరు పట్టుకుని లాగాను. "ఎక్కడికండీ?" విడిపించుకుని గుమ్మం పక్కన బల్ల దగ్గరికి వెళ్ళారు. కాగితం తీసుకున్నారు. నిలబడే రాశారు, కొట్టేశారు, ఇంకో కాగితం తీసుకుని మళ్ళీ రాశారు. గుమాస్తా చేతికిచ్చి వచ్చి కూర్చున్నారు.

ఈ మనిషి వ్యతిరేకమని రాసి ఉంటే పిల్ల బతుకేం కాను?

"ఏం రాశారు?" అన్నాను చెవిలో.

"సభకిచ్చిన కాగితం. రికార్డుల చదివేదాక బయట జెప్పొద్దు."

"నేను బయటిదాన్నా?"

తొడ మీద గట్టిగా గిల్లాను. కాలు పక్కకి జరుపుకున్నారు, అంతే! వ్యతిరేకమని వినపడిందా, ఈయన్ని ట్రెంటన్‌లోనే వదిలేసి పోతానని నిశ్చయించుకున్నాను. పాస్‌పోర్టు ఎలాగూ నా సంచిలోనే ఉంది.

జాహ్నవి కూడా చూసింది. మధ్యలో విరామమిస్తే పులిహోర డబ్బా తెరిచాను. పిల్లలిద్దరూ ముట్టుకోలేదు. ఈయన మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నారు.

మూడింటికి అధ్యక్షుడు మాట్లాడనివాళ్ళ కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, అనుకూలం, మాట్లాడనవసరం లేదు. పేరు, ఊరు, వ్యతిరేకం, మాట్లాడనవసరం లేదు. కట్ట చాలా పెద్దది. నా పేరు వసుమతిని వాసుమాటీ చేసి అవతలపెట్టాడు. తర్వాతి కాగితం దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కాండల్ రావ్. పిస్కాటవే. ఎవరి తరఫున..." ఒక్క క్షణం తలెత్తి మా వైపు చూశాడు. "జాహ్నవి, అవని, వీళ్ళిద్దరి తండ్రి. బిల్లుకి అనుకూలం. మాట్లాడనవసరం లేదు."

వెనక వరసలో పెద్దగా ఏడుపు వినిపించింది. జాహ్నవి అనుకుని తిరిగాను. జాహ్నవి నోరు తెరుచుకుని వాళ్ళ నాన్న వీపు వైపు చూస్తోంది. ఏడుస్తున్నది అవని. ఈయన మాత్రం ఏమీ ఎరగనట్టు పెన్సిలు తీసుకుని, ఆ తర్వాతి పేరు రాసుకుంటున్నారు. ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. తియ్యమనలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో జాహ్నవి అంది, "మాట్లాడి ఉండొచ్చు కదా నాన్నా. మూడు నిమిషాలిచ్చేవాళ్ళు."

"మూడు నిమిషాలు నాకు ఎక్కువైతయ్ బిడ్డా" అన్నారు. అది నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫిబ్రవరిలో రెండు సభలూ బిల్లు పాస్ చేశాయి. మా ఇంట్లో పాయసం వండాను. మర్నాడే గవర్నరు దాన్ని సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ భోజనాల బల్ల దగ్గర మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మిగిలిన పాయసం ఎవరికీ సయించలేదు.

"అంతా వేస్ట్ అయిపోయింది నాన్నా" అంది జాహ్నవి.

"బిల్లు వాపస్ పోతది, మళ్ళొస్తది. ఎన్ని జూడలె! రికార్డు వాపస్ పోదు" అన్నారు ఈయన. "ఎప్పుడు పెళ్ళైతే అప్పుడొస్త. టికెట్ జెయ్యి. మీ అమ్మకు కిటికీ సీటు."

నలభై ఏళ్ళలో ఇంత పొడుగు మాట నేను వినలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అవని గిన్నె పక్కకి జరిపి, "థాంక్యూ అంకుల్" అంది చిన్నగా.

"అంకుల్ ఏంది?" అన్నారు ఈయన. "రికార్డుల ఏమున్నదో చూసుకో."

ఆ పిల్ల నావైపు చూసింది, జాహ్నవి వైపు చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. ఆరేళ్ళుగా ఎవర్నీ అలా పిలవలేదు కదా.

"నాన్నా" అంది చివరికి.

మా ఆయన తల ఊపారు.