కోడలు చల్లారేదాకా

ఆ విమానం ఇంజన్‌ను మిలాన్ ఫ్యాక్టరీలో అందరూ కోడలు అనేవాళ్లు. పుట్టింది ఇంగ్లండులో. యుద్ధానికి ఎన్నో ఏళ్ల ముందే లైసెన్సు కాగితం పట్టుకుని ఇటలీకి కాపురానికొచ్చింది. అంగుళాల్లో పెరిగిన పిల్లకు ఇక్కడివాళ్లు మిల్లీమీటర్లు నేర్పారు, ఇక్కడి ఉక్కు తొడిగారు. తర్వాత ఒకదాని వెనక ఒకటి కొత్త మోడళ్లు పుట్టుకొచ్చాయి. అన్నీ తల్లి పోలికే. నడుం చుట్టూ పూరేకుల్లా పరుచుకున్న సిలిండర్లు, పెద్ద గొంతు, వల్లమాలిన నూనె దాహం. బాంబర్‌కి మూడేసి చొప్పున బిగించి పంపేవాళ్లు. ఎక్కడికి పంపుతున్నారో, ఎవరి ఇళ్ల మీదికి పంపుతున్నారో కార్మికులకు ఎవడూ చెప్పడు. అడిగినవాడు మర్నాడు పనిలో కనపడడు.

కోడలు అని మొదట పిలిచింది గౌదెంజియో. కొత్త ఇంజన్‌ను టెస్టు షెడ్డులో దిమ్మకు బిగించి, పూటంతా నడిపి చూసి పంపడం అతని పని. ఎండాకాలమైనా చలికాలమైనా దాని పక్కనే. జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యి వేసినట్టు దాని మీద చెయ్యి వేసి చూసేవాడు. అతని పెళ్లాం ఎర్సీలియా అదే ఫ్యాక్టరీలో వాల్వులు అరగదీసే సెక్షన్‌లో ఉండేది. ఇంగ్లీషు విమానాలొచ్చి బాంబులేసినప్పుడల్లా నేలమాళిగలో మొగుణ్ణి దెప్పేది: "నీ కోడలి పుట్టింటోళ్లొచ్చారయ్యా. లేచి మర్యాదలు చెయ్యి!"

అలాంటి మర్యాదల్లోనే వాళ్ల ఇంటి కప్పు పోయింది. ఆ తర్వాత ఆ మాటకు అతను నవ్వడం మానేశాడు. ఆమె అనడం మాత్రం మానలేదు.

1943 మార్చి. రొట్టెలో రంపపు పొట్టు రుచి వచ్చేది. రంపపు పొట్టు కలిపితే ఆ రుచే వస్తుంది, ఇందులో వింతేముంది. రేషన్ కార్డుకు నూనె లేదు, బొగ్గు లేదు. ఇళ్లు కూలినవాళ్లకు ఇస్తామన్న భత్యం కొందరికిచ్చి కొందరికి ఎగ్గొట్టారు. సమ్మె అంటే జైలు. అయినా టొరీనో నగరంలో కార్మికులు పని ఆపారు. మిలాన్‌లోనూ ఆపాలని ఎర్సీలియా, ఇంకొందరు కలిసి మాట్లాడుకున్నారు. పొద్దున పది గంటలకు రోజూ మోగే సైరన్ పరీక్షనే సైగగా పెట్టుకుందామనుకున్నారు. యాజమాన్యం వాసన పట్టి సైరన్‌ను మూయించేసింది.

సైగ లేకపోతే ఏ సెక్షన్ ఎప్పుడు ఆపాలో తెలియదు. ముందు ఆపిన సెక్షన్‌ను ఒంటరిగా పట్టుకుపోతారు. ఫ్యాక్టరీ మొత్తానికి వినపడే చప్పుడు ఇంకొక్కటే ఉంది, టెస్టు షెడ్డులో కోడలి గర్జన. అది ఆగితే అందరికీ తెలుస్తుంది.

తెల్లవారి చికోరీ కాఫీ తాగుతూ ఎర్సీలియా ఆ మాటే ఎత్తింది. "పదింటికి ఆపెయ్యి."

"నడిచే ఇంజన్‌నా?"

"కాదు, నీ గురకని. ఇంజన్‌నేనయ్యా!"

"మధ్యలో ఆపితే పరీక్ష మొదటికొస్తుందే. ఇన్నేళ్లలో నేనెప్పుడూ ఆపలేదు."

"మనం మొదటికి రాలేదా? కప్పు లేదు, కుండలో గింజ లేదు. అదెళ్లి ఎవరి నెత్తిన బాంబులేస్తుందో ఎప్పుడైనా అడిగావా దాన్ని?"

"అది వెయ్యదు. ఎక్కించుకున్నవాళ్లు వేస్తారు."

"అబ్బో, నోట్లో వేలు పెడితే కొరకలేదు నీ కోడలు! మాటివ్వు. ఆపుతావా, ఆపవా? నువ్వు ఆపకపోతే మా సెక్షన్ ఆడవాళ్లమంతా ఒంటరిగా దొరికిపోతాం."

గౌదెంజియో కాఫీ కప్పు కడిగి బోర్లించాడు. టోపీ పెట్టుకున్నాడు. "ట్రామ్ వచ్చింది," అన్నాడు.

వాల్వుల బల్ల దగ్గర పక్కన కూర్చునే అగొస్తీనా గుసగుసగా అడిగింది. "అక్కా, బావ ఏమన్నాడు?"

"ట్రామ్ వచ్చిందన్నాడు."

"అంటే?"

"అంటే ట్రామ్ వచ్చిందని."

గోడ గడియారం పది చూపించింది. టెస్టు షెడ్డు చప్పుడు ఆగలేదు. బల్లల మీద వాల్వులు ఎప్పటిలాగే సన్నగా వణుకుతున్నాయి. ఎర్సీలియా ఇంకాసేపు చూసింది. ఉన్నట్టుండి గర్జన తగ్గింది. ఆడవాళ్లంతా తలలెత్తారు. కానీ ఆగిపోలేదు. చిన్న గొంతుతో డుబడుబమంటూ సాగుతూనే ఉంది. భయపడ్డాడు, సగం తగ్గించి సగం వదిలేశాడు అనుకుంది. కడుపు మండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం కంటే ఆ ఇనుప ముండే ఎక్కువైందా వీడికి!

చేతిలో వాల్వు బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

మేస్త్రీ రంపోల్ది వచ్చాడు. "ఏమ్మా, నడుం పట్టేసిందా?"

"ఆకలి పట్టేసింది."

"కూర్చో. ఒక్కదానివే నిలబడితే దాన్ని సమ్మె అనరు, దొరికిపోవడం అంటారు."

అగొస్తీనా కూడా లేచింది. "ఇద్దరం," అంది. మూడో మనిషి లేవలేదు. రంపోల్ది గేటు వైపు తిరిగి, కాపలా ఉన్న ఫాసిస్టు నల్లచొక్కావాణ్ణి పిలవడానికి నోరు తెరిచాడు.

అప్పుడు ఇంజన్ ఆగింది.

ఆ నిశ్శబ్దం ఎలాంటిదంటే, పైన వెంటిలేటర్‌లో పావురం రెక్కలు దులుపుకోవడం కూడా వినపడింది. బల్లల వెంట కుర్చీలు గీసుకుంటూ అందరూ లేచారు. పక్క షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. రంపోల్ది తెరిచిన నోరు మూశాడు. ఇంతమందిని పట్టి ఎవడికి అప్పగిస్తాడు?

అందరూ బయటికొచ్చేసరికి ఆవరణలో గౌదెంజియోను ఒక అధికారి నిలదీస్తున్నాడు. ఇంజన్‌ను పాడుచేశాడని తేలితే మిలిటరీ కోర్టుకే. షెడ్డు ఇంజనీరు లోపలికెళ్లి చూసొచ్చి, "దెబ్బేమీ లేదు. చక్కగా చల్లార్చి ఆపాడు," అన్నాడు.

"మరి ఎందుకాపావురా?" అన్నాడు అధికారి.

"ఆకలేసి, దొరా."

జనం గొల్లుమన్నారు. అధికారి చుట్టూ చూశాడు. ఆవరణ నిండా మనుషులే. మాట మింగి ఆఫీసు వైపు నడిచాడు. ఆ మధ్యాహ్నం భత్యం గురించి మాట్లాడతామని యాజమాన్యం కబురంపింది. తర్వాత కొందరిని పట్టుకుపోయారు కూడా. అడుక్కుంటే రాని రొట్టె పని ఆపితే కదిలింది, అది మాత్రం అక్కడున్న ప్రతివాళ్లూ చూశారు.

ఎర్సీలియా మొగుడి చొక్కా పట్టుకుని గుంజింది. "పదింటికి ఆపమన్నానా? ఆ కాసేపట్లో నా ప్రాణం పోయొచ్చింది! ఏం చేస్తున్నావయ్యా అక్కడ, జోలపాటా?"

"వేడి మీద ఠక్కున ఆపితే సిలిండర్లు పగులుతాయే. మెల్లగా తిప్పుతూ చల్లార్చాలి." నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "మన గొడవలో దాని తప్పేముంది?"

"నన్ను ఏనాడైనా అంత ఓపిగ్గా చల్లార్చావా?"

"నువ్వు చల్లారితే కదా!"

ఆమెకు నవ్వొచ్చింది. గుండెల మీద చెయ్యి వేసుకుంటే ఇంకా డుబడుబలాడుతూనే ఉంది. ఏప్రాన్ జేబులోంచి నల్లరొట్టె తీసి విరిచి, పెద్ద ముక్క అతని నోట్లో కుక్కింది.