పెద్దల్లుడి బాణాలు

చిన్నల్లుడికి తీరని పగ ఒక్కటే ఉంది. అది బయటివాళ్ల మీద అయితే పీడా పోయేది, వాళ్లింటికి ఆదివారం భోజనానికి వెళ్లక్కర్లేదు. కానీ ఆ పగ సొంత తోడల్లుడి మీద.

పోయిన ఏడాది వేటలో అడవిపంది పడింది చిన్నల్లుడి బాణానికే. అతను పొదల్లో జారిపడ్డ కళ్ళజోడు వెతుక్కుని వచ్చేలోపు, పెద్దల్లుడు ఆ బాణం పీకి పారేసి, అదే కన్నంలో తన బాణం గుచ్చి, పంది మీద కాలేసి ఫొటో దిగాడు. బీమా పాలసీలు అమ్ముకునే మనిషి కదా, పోయినవాళ్ల పక్కన ఎలా నిలబడాలో బాగా తెలుసు. ఆ పంది కోరలు ఇప్పుడు పెద్దల్లుడి హాల్లో టీవీ పైన ఉన్నాయి. వాటికి విడిగా ఓ బల్బు. చిన్నల్లుడు గుమ్మం ఎక్కితే చాలు, పట్టపగలైనా సరే ఆ బల్బు వెలుగుతుంది.

ఇలా ఉండగా మామగారు ఓ మాటన్నారు. "నా విల్లు ఇంక నేను లాగలేను. ఆదివారం పెరట్లో గడ్డి బస్తా నిలబెడతా. ఇద్దరూ తలో మూడు బాణాలు వెయ్యండి. ఎవరివి బాగా దిగితే వాళ్లకే విల్లు."

ఆ విల్లు వచ్చి తన గోడకెక్కితే ఆ కోరలు వెలవెలబోతాయి. చిన్నల్లుడికి కావల్సింది అదే.

రెండ్రోజుల ముందు పెద్దల్లుడు బాణం కర్రలు, ఉక్కు మొనలు పట్టుకుని దిగాడు. "తమ్ముడూ, నావి కూడా నువ్వే బిగించెయ్. నీది సన్నపని చెయ్యి. నాకు తల గోక్కునే తీరిక లేదు."

"దానికేం భాగ్యం అన్నయ్యా!"

అతను అటు వెళ్లగానే చిన్నల్లుడు ఒక్కడే నవ్వుకున్నాడు. భార్య వంటింట్లోంచి తొంగిచూసి, "కడుపులో గ్యాసా?" అంది.

చిన్నల్లుడు కళ్ళజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తాడు. భోజనాల బల్ల మీద పేపరు పరిచి కూర్చున్నాడు. కర్ర చివర పెన్సిల్‌లా చెక్కాడు. మొన వెనకవైపు డొల్లగా ఉంటుంది. జిగురు కడ్డీ మంటకి చూపించి, కరిగిన జిగురు కర్రకి పూసి, వేడి తగ్గకముందే మొన తొడిగి, ఓ మెలిక తిప్పి నొక్కాడు. బల్ల మీద దొర్లించి చూశాడు. మొన ఊగకూడదు. ఊగితే ఆ బాణం తాగినవాడు ఇంటికెళ్లినట్టే వెళ్తుంది.

అవి తనవి. తోడల్లుడి వంతు వచ్చేసరికి జిగురు పక్కన పెట్టి, అలమరలోంచి కొవ్వొత్తి తీశాడు. ఖరీదైనది కదా అని, కరెంటు పోయినా వెలిగించకుండా దాచిన కొవ్వొత్తి. ఆ మైనం పూసి మొనలు తొడిగాడు. చూడ్డానికి ఏ తేడా లేదు. ఎండలో కాసేపు ఉంటే చాలు, మొన కాస్తా జారిపోతుంది. అదీ మామగారి ముందు, అత్తగారి ముందు, చుట్టుపక్కల పిట్టగోడలన్నిటి ముందు. ఆ ఊహకే అతనికి ఆకలి వేసింది.

తనవాటికి ఎర్ర రబ్బరుబ్యాండు వేశాడు, వాడివాటికి పచ్చది.

"వీటిలో గట్టివి ఏవండీ?" అంది భార్య కాఫీ పెడుతూ.

"ఎర్రవి," అన్నాడు గర్వంగా.

ఆ కాఫీ కప్పుకి పిడి లేదు. ఆ ఇంట్లో పిడి ఉన్న కప్పులన్నీ చుట్టాలవి.

ఆదివారం ఎండ చిన్నల్లుడు కోరుకున్నట్టే కాసింది. బాణాలు రెండు కట్టలూ గోడకి ఆనించి ఉన్నాయి. "ముందు పెద్దవాళ్లు," అన్నాడు చిన్నల్లుడు ఎంతో మర్యాదగా.

పెద్దల్లుడు పచ్చ కట్ట విప్పి విల్లు లాగాడు. ధబ్! మొన బస్తాలో దిగింది. ధబ్! ధబ్! మూడూ పక్కపక్కనే.

'మైనం ఇంత గట్టిదా?' అనుకున్నాడు చిన్నల్లుడు. తన బాణం ఎక్కుపెట్టి లాగాడు. మొన నిదానంగా తల వాల్చి, అతని కాలి బొటనవేలి మీద పడింది. బోడి కర్ర వెళ్లి బస్తాకి తగిలి, పలకరించినట్టు ఆగి, కింద పడింది. పిట్టగోడల మీంచి నవ్వులు.

భార్య అతని చెవిలో గొణిగింది. "నేనే రబ్బరుబ్యాండ్లు మార్చానండీ. ఇంటి పెద్దల్లుడు, గట్టివి బావగారికి ఇవ్వొద్దూ? మనం ఎలాగోలా సర్దుకుంటాంగా!"

మామగారు మొన తీసి, లోపల గోరుతో గీకి వాసన చూశారు. "మైనం!" అన్నారు. మళ్లీ బస్తాలోంచి ఒక బాణం పీకి, మొన పట్టుకుని గుంజి చూశారు. కదల్లేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా! ఇవన్నీ బిగించింది చిన్నవాడేగా! పెద్దవాడికి జిగురు పెట్టి, తనకి మైనం పెట్టుకున్నాడు. విల్లు అన్నగారికి దక్కాలని! ఈ కాలంలో ఇలాంటి అల్లుడు ఉంటాడా?"

కాదనాలంటే మైనం ఎవరి కోసమో చెప్పాలి. చిన్నల్లుడు వినయంగా తల దించుకున్నాడు. బొటనవేలు వాస్తోంది.

పెద్దల్లుడు విల్లు భుజాన తగిలించుకుని, అతన్ని కౌగిలించుకున్నాడు. "తమ్ముడూ, నీ రుణం ఉంచుకోను. వచ్చే వారం వేటకి నా బాణాలన్నీ నువ్వే బిగించాలి. ఇంకెవరినీ ముట్టుకోనివ్వను." కొత్త కర్రలు, మొనలు ఉన్న ఒక పెద్ద కట్ట చేతిలో పెట్టాడు. "ఈ విల్లు కోరల కిందే పెడతా. దానికీ ఓ బల్బు వేయిస్తా."

మర్నాడు చిన్నల్లుడు మళ్లీ బల్ల మీద పేపరు పరిచాడు. తన బాణాలకి జిగురు పూశాడు. మసి మరకలు తుడవకుండా, పాత గుడ్డపీలికతో కట్టి మూలకి గిరాటేశాడు. తోడల్లుడివాటికి మైనం పూశాడు. అయితే ఈసారి షాపులో అద్దాలు తుడిచే గుడ్డ తెచ్చి, ఒక్కో మొననీ మొహం కనిపించేదాకా రుద్దాడు. కొత్త రబ్బరుబ్యాండు వేశాడు. పైన ప్లాస్టిక్ కవరు తొడిగాడు.

"ఈసారి మంచివి ఏవండీ?" అంది భార్య.

"కనిపించట్లా? మీ బావగారికి తీసిపెట్టు."

ఆవిడ మురిసిపోయి, వాటిని రెండు చేతులతో ఎత్తుకెళ్లి, షోకేసులో పిడి ఉన్న కప్పుల పక్కన పెట్టి తాళం వేసింది.