నాలుగు ఓట్ల తేడా

మా ఆయన త్రినాధరావుకి తన లెక్క మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద లేదు. పార్టీ తరఫున మా బూత్ ఏజెంటు ఆయనే. ఓట్ల లెక్కింపు అయ్యాక మా బూత్ అంకెలు చీటీ మీద రాసుకొచ్చి, అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. ఎంపీ మిషన్లో వాళ్ల పార్టీకి నాలుగు వందల పన్నెండు. ఎమ్మెల్యే మిషన్లో నాలుగు వందల ఎనిమిది.

"సూసేవా కుమారీ? ఎవులో ఎంపీకి మనకేసి, ఎమ్మెల్యేకి అవతలి పార్టీ ఆవిడకేసేరు. నాలుగు ఓట్లు! మన వీధి వాటాలో ఓట్లెన్ని?"

మా వీధి వాటాలో అద్దెకుండే మెహ్రాజ్ జాకెట్లు కుడుతుంది. ఆమె, మొగుడు నాగూర్ మీరా, అత్త అమీనాబీ, కొడుకు షాబాజ్. నాలుగు ఓట్లు. ఇంకేం, లెక్క కుదిరిపోయింది.

ఆ రోజు నుంచి మెహ్రాజ్ నవ్వితే ఎందుకు నవ్విందంటాడు, నవ్వకపోతే ఏదో దాస్తోందంటాడు. ప్రచారంలో ఆ అవతలి పార్టీ ఆవిడ వాళ్ల గుమ్మంలో ఆగి మంచినీళ్లు తాగిన సంగతి తవ్వి తీశాడు. నీళ్లడిగితే ఇవ్వరా అంటే నన్నూ ఓరగా చూశాడు. చివరికి నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమనేశాడు.

మెహ్రాజ్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "అల్లా మీద ఒట్టక్కా, బావగారు సెప్పినట్టే రెండూ ఏసేం. అత్తకి సూపు లేదు. ఈ ఇల్లయితే గోడలు తడుముకుని తిరుగుతాది. కొత్తిల్లంటే మంచం దిగదు."

తేడా వచ్చిన ఆ నాలుగు ఓట్లలో ఒకటి నాది.

మా అమ్మాయి హాసిని అచ్యుతాపురంలో మందుల కంపెనీలో చేస్తుంది. కంపెనీ బస్సు ఆడపిల్లల్ని చీకట్లో హైవే మీదే దింపేసి పోయేది. మా ఆయన పార్టీ అభ్యర్థి ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు. అవతలి పార్టీ ఆవిడ మాత్రం వచ్చి బస్సుకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది. మర్నాటి నుంచి బస్సు మా వీధి మొదటికొచ్చింది. ఇక పార్టీతో నాకేం పని? ఎంపీకి మా ఆయన పార్టీవాడే మంచివాడనిపించి అతనికే వేశాను, ఎమ్మెల్యేకి ఆవిడకి వేశాను.

ఆ మాటే మా ఆయనతో చెప్పేశాను. పగలబడి నవ్వాడు.

"ఆళ్లని కాయడానికి అబద్ధాలాడకు. నీకంత తెగింపెక్కడిదే?"

నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో వాళ్ల వార్డు నాయకుడు ధనరాజ్ ఫోన్ చేస్తే, నేను కూడా వినాలని స్పీకర్ పెట్టాడు.

"దొరికేరన్నా! తేడా నాలుగు, మెహ్రాజోళ్ల ఓట్లూ నాలుగు. పైగా ఒట్లేత్తన్నారు."

ఫోన్ లాక్కున్నాను. "అన్నయ్యా, ఆళ్లు కాదు. ఆవిడకేసింది నాను."

ధనరాజ్ నవ్వలేదు. తాపీగా అడిగాడు. "త్రినాధా, మీ ఇంట్లో ఓట్లెన్నిరా?"

మా ఆయన వేళ్లు ముడిచాడు. తను, నేను, హాసిని, మా అత్త చిన్నమ్మలు. హాసిని టిఫిన్ బాక్సు మూత తీసి మళ్లీ పెట్టింది. మా అత్త చాటలో బియ్యం మీంచి తలెత్తలేదు.

"నాలుగన్నా," అన్నాడు. "కానీ నాను రెండూ మనకే ఏసేను. ఒట్టన్నా!"

"మెహ్రాజోళ్లూ ఒట్టేసేరన్నావు కదరా," అని ధనరాజ్ ఫోన్ పెట్టేశాడు.

ఇల్లు ఖాళీ మాట మా ఆయన మళ్లీ ఎత్తలేదు. ఏజెంటు పని ఇంకొకరికి పోయింది. ఇప్పుడు అన్నం దగ్గర మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు. మేం కూర గిన్నె ఆయన ముందుకి జరుపుతాం.