దొర ఒంటి మీంచి దిగిన కంపు

కూర్మమ్మ తెల్లారుతూనే వాకిలి ఊడ్చేది, పేడనీళ్లు చల్లేది, ఆ తర్వాత కుక్కను తిట్టేది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆమెకు పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు.

భావనపాడులో ఎండుచేపల మధ్య పుట్టి, ఎండుచేపలు అమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషికి వాసనంటే లెక్క ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. కూర్మమ్మ దృష్టిలో వాసన వేరు, కంపు వేరు. ఉప్పు సరిగ్గా పట్టి, ఎండలో గలగలలాడిన నెత్తళ్లది వాసన. బద్ధకస్తుల ఇంట్లోంచి వచ్చేది కంపు. శుభ్రం లేని మనిషిని ఆమె దొంగకన్నా హీనంగా చూసేది. అటువంటి మనిషి ఇంట్లో దొర ఉండేది.

దొర అంటే కుక్క. ఆమె మొగుడు లక్ష్ముడు ఎప్పుడో పడవలో వేసుకొచ్చిన పిల్ల, ఇప్పుడు ముసలిదైపోయింది. చెవుల్లోంచి నల్లటి జిగురు కారేది. మెడ కింద బొచ్చు ఊడిపోయి, చర్మం మడతల్లో తడి ఏనాడూ ఆరేది కాదు. అది ఆవులించిందంటే అన్నం తింటున్నవాళ్లు కంచం పట్టుకుని లేచిపోవలసిందే. పసుపు రంగు చొల్లు తీగలా సాగి, అరుగు మీద ఎండి పెచ్చులు కట్టేది. ఆ పెచ్చులు గోకేటప్పుడు కూర్మమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది.

స్నానం పోస్తే పోదా అంటే, పోదు. బకెట్టు చప్పుడు వినపడగానే కంపు కుక్క ఒంటి మీంచి దిగిపోయేది. దిగి, అరుగు చివర చాప మీద కూర్చునేది. కంటికి కనపడేది కాదు గానీ, అది కూర్చున్నచోట చాప అణిగేది, ఈగలు దాని ఆకారంలోనే ముసిరేవి. ఇక్కడ వేపాకు నీళ్లు, కుంకుడు రసం, పసుపు, షాంపూ అన్నీ అయ్యి, కుక్క ఎండలో ఆరేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండి, బొచ్చు ఆరగానే వెళ్లి మళ్లీ ఎక్కేది.

"వదినా, మీ కంపుని కొంచెం జరగమను, కూకుంటాను," అనేది పక్కింటి చిన్నతల్లి, చీపురుతో చాప మీద తడుతూ. కంపు జరిగేది.

అవి వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ముందు ఎండేసి దాచిన చేపలే ఇళ్లకు ఆధారం. సరుకు ఎత్తడానికి చీపురుపల్లి నుంచి వచ్చిన వ్యాపారి నరసింగరావు కూర్మమ్మ తట్ట ముందుకొచ్చి ఆగిపోయాడు. కంపు ఆ తట్టలో, నెత్తళ్ల మీద కాళ్లు జాపుకుని పడుకుని ఉంది.

"ఇదేటి కూర్మమ్మా, దీన్ని కూడా తూకం ఏస్తావేటి?"

"లెగుస్తాది బాబూ, ఉండు."

"అది లెగిసినా నాను కొన్ను. నా కొట్టుకొచ్చినోళ్లు అటునుంచటే పారిపోతారు."

ఆయన చిన్నతల్లి సరుకు ఎత్తుకుని వెళ్లిపోయాడు. తన చేతి సరుకు చూసి ఒకరు ముక్కు మూసుకోవడం కూర్మమ్మ ఎన్నడూ ఎరగదు. ఆ సాయంత్రం మొగుడికి తెగేసి చెప్పింది.

"వేట తెరిసేలోపు ఇంట్లో ఈ కంపుండకూడదు. నేదంటే కుక్కని తీసుకెల్లి ఎక్కడో ఇడిసొచ్చీ."

లక్ష్ముడు వల మీంచి తల ఎత్తలేదు. "దాన్ని ఇడిసిన కాడే నన్నూ ఇడిసీ."

"నువ్వు రోజూ నీలు పోసుకుంటావు. నీతో నాకేటి బాధ?"

చేప మెత్తబడుతుంటే ఏం చెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పు పట్టించాలి, ఎండలో వెయ్యాలి. ఆమె ఎరిగినంతలో ఉప్పుకు లొంగని కుళ్లు లేదు. మర్నాడు పొద్దున్నే నౌపడ కల్లుప్పు దంచింది. కుక్కను రాటకు కట్టి, చెవుల్లో, మెడ మడతల్లో, చిగుళ్ల మీద, చేపకు పట్టించినట్టే ఒక్క సందు వదలకుండా ఉప్పు పట్టించింది. పట్టించి, ఎండకు వదిలేసింది.

దొర పెట్టిన కేకలకు వలల దగ్గరున్న మగవాళ్లు పరిగెత్తుకొచ్చారు. లక్ష్ముడు కుంటుకుంటూ అందరికన్నా వెనక వచ్చాడు. తాడు విప్పి, బిందెలతో నీళ్లు కుమ్మరించాడు. మడతల్లోంచి ఉప్పూ చీమూ నెత్తురూ కలిసి కారుతుంటే కూర్మమ్మ పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"సచ్చినదానికి పెడతారే ఉప్పు," అన్నాడు లక్ష్ముడు. "ఇది బతికున్నాది."

కుక్కను ఎత్తుకుని నీడకు తీసుకెళ్లాడు. ఆమెను తిట్టినా బాగుండేది. తప్పు చేసినవాళ్లు దాని బరువు మొయ్యాలని నమ్మే మనిషి ఆమె. ఆ పూట అన్నం మానేసి, కుక్కను తనే ఆటోలో వేసుకుని టెక్కలి పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. దారి పొడుగునా కంపు ఆమె ఒళ్లో కూర్చుంది. ఆటోవాడు తల బయటపెట్టి నడిపాడు.

డాక్టరు కుక్క నోరు తెరిచి లైటు వేసి చూపించాడు. వెనక పళ్లు గోధుమరంగు పాచి కింద కుళ్లిపోయి, వేళ్ల దగ్గర చీము పట్టి ఉన్నాయి. చెవుల్లో పుండ్లు. మడతల్లో పాచిన తడి.

"పైన ఎంత తోమితే ఏం లాభమమ్మా? కంపు లోపల పుడుతోంది," అన్నాడాయన.

మత్తిచ్చి పళ్లు పీకారు. పన్నుతో పాటు వచ్చింది చూసి కూర్మమ్మ బయటికి పరిగెత్తింది. గోడ పక్కన కక్కుకుని, నోరు కడుక్కుని, తిరిగొచ్చి కుక్క తల పట్టుకుంది. చెవిలో మందు ఎలా వెయ్యాలో, మడతలు ఎలా తుడిచి ఆరబెట్టాలో నేర్చుకుంది. ఉప్పు ఎవరు పెట్టారని డాక్టరు అడిగితే నేల చూస్తూ, "నానే," అంది.

దొర కోలుకుంది. చెవులు ఆరాయి, మడతలు ఆరాయి, మెత్తటి అన్నం తినసాగింది. కంపు మళ్లీ ఎక్కబోతే దానికి చోటు దొరకలేదు. చెవి దగ్గరికి వెళ్లింది, నోటి దగ్గరికి వెళ్లింది, మెడ చుట్టూ తిరిగింది. ఆఖరికి గుమ్మంలో నిలబడిపోయింది. కూర్మమ్మ చీపురు ఝాడించింది. కంపు ఆమెను తప్పించుకుని లోపలికెళ్లి, మంచం మీదున్న లక్ష్ముడి ఎడమ కాలి మీద కూర్చుంది.

కుక్కను ముద్దు చేసిన మనిషి గనక అతన్ని పట్టుకుందని ఆమె అనుకుంది. కానీ అది అక్కడినుంచి లేవలేదు. అతను వలల దగ్గరికి వెళ్తే కాలితో పాటే వెళ్లి, కాలితో పాటే తిరిగొచ్చేది. ఈపాటికి కూర్మమ్మ చేతికి మడతలు విప్పి చూసే అలవాటు వచ్చేసింది.

"కాలిలా సాపు."

"ఏటీ నేదే. ఆల్చిప్ప కోసింది. మానిపోతాది."

"సాపమన్నాను."

కట్టిన గుడ్డ చర్మానికి అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లతో తడిపి లాగితే గుడ్డతో పాటు చర్మం ఊడొచ్చింది. చిటికెన వేలు నానిన బొగ్గులా ఉంది. పక్క వేలి సందులోంచి బూడిదరంగు నీరు ఊరుతోంది. లక్ష్ముడికి సుగరుంది, నొప్పి తెలియలేదు. ఏ కంపు వచ్చినా కుక్క మీదికే పోయింది గనక ఇంట్లోనూ తెలియలేదు.

కూర్మమ్మకు ముందు కలిగింది జాలి కాదు, అసహ్యం. ఆ వెనకే తన మీద తనకు అసహ్యం. ఇన్నాళ్లూ వాకిలి అద్దంలా కడిగింది, పక్కన పడుకున్న మనిషి కాలు చూడలేదు.

"రేపు సికాకులం పెద్దాసుపత్రికి ఎల్దాం."

"ఎల్లుండి వేట తెరుస్తారు. మొదటి వేటకి నాను నేకపోతే సుక్కాని ఎవుడు పట్టుకుంటాడు? ఎల్లొచ్చినాక సూద్దాం."

"ఉప్పునీటిలో ఈ కాలెట్టుకుని ఎల్తావా?"

"ఆసుపత్రికెల్లి మా అన్న ఏటైనాడు? మోకాలు కాడికి తీసీసినారు. కాలు నేనోడికి సముద్రంతో ఏటి పని?"

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. తిట్టగలిగినంత తిట్టింది. అతను గుడ్డ మళ్లీ చుట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఈ కాలితో సముద్రంలోకి వెళ్తే తిరిగొచ్చేది మనిషో శవమో ఆమెకు తెలియదు.

వేట తెరిచిన పొద్దున్న గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టి, పడవలకు పసుపు కుంకాలు పెట్టారు. లక్ష్ముడు కుంటుకుంటూ పడవ దగ్గరికి చేరేసరికి కంపు అతని కాలి మీంచి దిగి, ముందే వెళ్లి పడవెక్కేసింది. చుక్కాని దగ్గర అతను కూర్చునే చోట ఈగలు ముసురుతున్నాయి.

"మావా, నీ సోటు నిండిపోనాది," అన్నాడు అతని పడవలో పనిచేసే వెంకీ.

"దింపీరా దాన్ని."

వెంకీ చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. మొదటి వేటకు పడవెక్కిన వాళ్లను దింపకూడదని ఆ ఒడ్డున కట్టుబాటు. దింపితే ఏడాదంతా వల ఖాళీగా వస్తుందని భయం. ఎవరు ఎక్కారన్నది లెక్క కాదు, ఎక్కడమే లెక్క.

"ఎక్కినోల్లని ఎలాగ దింపుతాం మావా? నువ్వు సెప్పిన మాటే కదా."

"అయితే దాని పక్కనే కూకుంటాను."

"ఇద్దరికి సోటు నేదు. సుక్కాని నాను సూసుకుంటాన్లే."

మిగతావాళ్లు ముక్కులకు తువ్వాళ్లు చుట్టుకుని పడవను నీళ్లలోకి తోశారు. లక్ష్ముడు ఇసకలో నిలబడి చూశాడు. తన చోట ముసిరిన ఈగలు కెరటాలు దాటేదాకా కనిపించాయి. వెనక్కి తిరిగేసరికి రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. కూర్మమ్మ లోపల కూర్చుని, పక్కకు జరిగింది.

"ఎక్కు," అంది.

ఎక్కాడు.

శ్రీకాకుళంలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలి దాకా తియ్యాల్సి వచ్చేదని డాక్టరు కోపంగానే చెప్పాడు. కాలు నిలబడింది. పడవ ఒడ్డుకు చేరిన రోజు వెంకీ ఫోన్ చేశాడు. "నడి సముద్రంలో దిగి ఎల్లిపోనాది మావా. ఒక మాటైనా సెప్పలేదు. నీ సోటు కడిగీసి ఉంచినాం."

ఇంటికొచ్చాక కూర్మమ్మ రోజూ అతని పాదం ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పుతోంది. పచ్చి పుండు చూస్తే ఆమెకు ఇప్పటికీ డోకు వస్తుంది. వచ్చినప్పుడు కాసేపు ఆగి, మింగుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. అసహ్యం కలగడం తప్పు కాదనీ, కలిగినచోటి నుంచి చూపు మరల్చుకోవడమే తప్పనీ ఆమె ఇప్పుడు అనుకుంటోంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కట్టు విప్పాక వంగి, పుండుకు ముక్కు ఆనించేంత దగ్గరగా పెట్టి, మిగిలిన వేళ్ల సందు సందూ వాసన చూస్తుంది.

"ఏటే, కంపొస్తందా?" సిగ్గుపడుతూ అడిగాడు లక్ష్ముడు.

ఆమె తొందరపడలేదు. ఇంకోసారి వంగి చూసింది.

"మందు వాసన," అంది. "కాలు కదపకు."