సెలవు బటన్

ఆ ప్రోగ్రాం రాసింది నేనే. తప్పు చేసిందీ నేనే. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఎవరి మీదో తోసేశానని అనుకోకండి.

జావాలోని మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పేర్లు రాసే కౌంటర్ దగ్గర బు లాస్మిని ముప్పయ్యొక్క ఏళ్లు కూర్చుంది. అందరికీ ఆవిడ 'బూ', అంటే మా భాషలో అమ్మ. వచ్చిన ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరించేది. ఎవరి కోడలికి ఎన్నో నెలో చీటీ చూడకుండా చెప్పేది. భర్త పోయాక ఆ కుర్చీయే ఆవిడకు ఇల్లయిపోయింది. నాకు అక్కడ ఉద్యోగం దొరికింది కూడా ఆవిడ అప్పటి పెద్ద డాక్టరు వెంటపడి బతిమాలబట్టే.

లావు రిజిస్టర్లు పోయి కంప్యూటర్, దాంట్లో నేను రాసిన ప్రోగ్రాం వచ్చాక కష్టం మొదలైంది. ఒక రోగి వివరాలు రాయడం అయ్యాక ఆ ఒక్క ఫారం మూస్తే చాలు. ఆవిడేమో పైన మూలనున్న ఎర్ర గుర్తు నొక్కేది. ప్రోగ్రాం మొత్తం మూసుకుపోయేది, సగం రాసింది గాల్లో కలిసిపోయేది. మళ్లీ తెరుచుకునేలోపు వరస గుమ్మం దాటి వీధిలోకి పాకేది.

"బూ, ఈసారైనా నా పేరు మింగకుండా రాస్తారా? పొద్దున్నించీ మూడుసార్లు పుట్టిన తేదీ చెప్పాను," అన్నాడొక ముసలాయన ఓ రోజు.

"మూడుసార్లు పుట్టినా బుద్ధి రాలేదుగా! ఆ లవంగం సిగరెట్లు ఇంకా మానలేదు," అంది ఆవిడ.

వరసంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. నవ్వుతూనే ఆయన పుట్టిన తేదీ నాలుగోసారి అడిగింది.

కొత్తగా వచ్చిన డాక్టర్ హప్సరి నవ్వలేదు. "ఇంకొక్కసారి మూసేస్తే బు లాస్మినిని వెనక మందుల గదికి మార్చేస్తాను. అక్కడ కంప్యూటర్ గొడవ ఉండదు," అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. "హర్సోయో, నాయనా, నన్నా పెట్టెల మధ్య పడేయనివ్వకు. మనుషుల మొహాలు చూడకపోతే నేను బతకను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

చేశాను. ఎర్ర గుర్తు ఎంత నొక్కినా ప్రోగ్రాం మూసుకోకుండా కట్టడి చేశాను. నొక్కితే "ఇంకా పని ఉంది, బూ" అని తెర మీద వస్తుందంతే. మూయడానికి ఒకటే దారి, కింద 'సెలవు' అని పెద్ద బటన్. మా జావాలో సెలవడగకుండా ఎవరూ లేచి వెళ్లరు. అవతలివాళ్లు 'మొంగ్గో', అంటే 'అలాగే, వెళ్లండి' అనేదాకా గడప దాటరు. అందుకని సరదాకి, సెలవు నొక్కగానే "మొంగ్గో, బూ. జాగ్రత్తగా వెళ్లిరండి" అని వచ్చేలా పెట్టాను.

అది చూసి ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "నా కూతురికంటే దీనికే మర్యాద తెలుసు!" అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. రోజూ ఆ మాట కనపడ్డాక, తెరకు తల వంచి మరీ లేచేది.

తర్వాత పని మధ్యలో ప్రోగ్రాం ఒక్కసారీ మూసుకోలేదు. డాక్టరమ్మ మెచ్చుకుంది. నేను కాలరెగరేశాను.

కానీ ఎర్ర గుర్తు ఎన్నిసార్లు నొక్కారో ప్రోగ్రాం రాసిపెట్టుకునేది. అది నేనొక్కణ్ణే చూసేవాణ్ణి. మొదటి నెలలో రోజుకు ఐదు. మూడో నెలలో ఇరవై. వానలు మొదలయ్యేసరికి అరవై ఒకటి. ఒకే రోగి ఫారం మీద తొమ్మిదిసార్లు. అది చెయ్యి జారడం కాదని, ఆవిడ తలలోనే ఏదో జారిపోతోందని నాకు అర్థమైంది. చెబితే కుర్చీ పోతుంది. అందుకని నోరు మూసుకున్నాను. పైగా మేలు చేస్తున్నాననుకున్నాను, నా మొహం.

జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసి డాక్టరమ్మ నన్ను పిలిచింది. అందరిలాగే తనూ నన్ను 'మాస్' అంటుంది, అంటే అన్న. "ప్రభుత్వ కంప్యూటర్లో ఈ వేళాకోళాలేంటి, మాస్? ఆ మొంగ్గో తీసెయ్యి."

శనివారం పొద్దున్నే తీసేశాను. ప్రోగ్రాంలో ఒక్క లైను చెరిపితే సరిపోయింది. ఆ సంగతి బు లాస్మినికి చెప్పాలని నాకు తట్టలేదు.

శనివారం మధ్యాహ్నానికే కేంద్రం మూసేస్తారు. సాయంత్రం ఐదింటికి కాపలాదారు ఫోన్ చేశాడు. "మీరొకసారి రండి. బు లాస్మిని కుర్చీలోంచి లేవట్లేదు."

నేను వెళ్లేసరికి ఆవిడ కౌంటర్ దగ్గరే ఉంది. తల మీద ముసుగు సర్దుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఖాళీ తెర వైపు చూస్తోంది. కుర్చీ కింద నేలంతా తడి.

"ఇంటికెళ్లలేదేం, బూ?"

"సెలవడిగాను నాయనా. ఇంకా మొంగ్గో అనలేదు." గొంతు తగ్గించింది. "నా మీద కోపమొచ్చినట్టుంది. మళ్లీ ఏమైనా మూసేశానా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ముందే ఏడ్చాను. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "మొంగ్గో, బూ. జాగ్రత్తగా వెళ్లిరండి," అన్నాను.

వెంటనే లేచింది. సోమవారం ఆవిడ పనికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

రెండు వారాలకు వాళ్లింటికి వెళ్లాను. కూతురు వింద్రి టీ తెచ్చి నా ముందు కూర్చుంది.

"మతిమరుపు జబ్బు ఏడాది కిందటే మొదలై ఉంటుందన్నారు పెద్దాసుపత్రిలో. అప్పుడే తీసుకొస్తే కొన్నాళ్లైనా నెమ్మదించేదట. ఆఫీసులో అమ్మ తప్పులేం చేయలేదా, మాస్? ఎవరూ గమనించలేదా?"

"నేను గమనించాను," అన్నాను. అరవై ఒకటన్న అంకె కూడా చెప్పాను. "ఎవరికీ కనపడకుండా చేసింది నేనే."

తిట్టినా బాగుండేది. వింద్రి నేను తాగని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బు లాస్మిని వరండాలో కూర్చుని ఉంది. నేను దగ్గరికెళ్లి వంగి, "సెలవు తీసుకుంటాను, బూ," అన్నాను.

ఆవిడ తలెత్తింది. కౌంటర్ ముందుకు ఎవరో కొత్తమనిషి వచ్చినట్టు మర్యాదగా నవ్వింది.

"పేరేంటి బాబూ? ఇంతకుముందెప్పుడైనా వచ్చారా ఇక్కడికి?"

"హర్సోయో," అన్నాను.

ఒళ్లో వేలితో ఏదో రాసుకుంది. కాసేపాగి మళ్లీ పేరడిగింది. మొంగ్గో మాత్రం అనలేదు. నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను, అడిగినప్పుడల్లా పేరు చెబుతూ.