నదిని చూడని హెల్గా

అడక్కుండా సమోసా తెప్పించాడంటే మేనేజరు రంగనాథ్ దేనికో ఎసరు పెట్టాడన్నమాటే. పొద్దుటినుంచి వంచిన తల ఎత్తకుండా రాసి మెడ పట్టేసిన శరణ్య దాన్ని ముట్టుకోలేదు. పక్క సీటులో ఇంద్రాణి మాత్రం, "తినవే, చల్లారిపోతుంది" అంది.

నోయిడాలో ఓ మేడమీది ఆఫీసు అది. అమెరికా నడిమధ్య, పెద్ద నది ఒడ్డున, లిండెన్‌బర్గ్ అని చిన్న ఊరుంది. ఎప్పుడో జర్మనీనుంచి వలసవచ్చిన రైతులు, ఇటుకపనివాళ్ళు కట్టుకున్నది. ఆ ఊరి కబుర్ల వెబ్‌సైటు రాసేది ఇక్కడి తెలుగు పిల్లలు. వ్యాసానికి నూట ఎనభై రూపాయలు. ఊరివాళ్ళు నమ్మాలి గనక ఒక్కొక్కరికీ ఓ జర్మన్ పేరు తగిలిస్తారు. మనిషి మానేస్తే ఆ పేరు తరవాతివాళ్ళకి పోతుంది. రెండేళ్ళుగా శరణ్య హెల్గా.

పోయిన నవంబరులో రాయడానికేమీ దొరక్క, కార్తీకంలో తన రాజమండ్రి ఆడవాళ్ళు గోదాట్లో దీపాలు వదలడం గుర్తొచ్చి, "మా అమ్మమ్మల కాలంలో మన నదిలో దీపాలు వదిలేవారు" అని రాసిపారేసింది. తీరా చూస్తే ఆ ఊరి ఆడవాళ్ళు నిజంగానే వదిలారు! ఫొటోలు చూసి మొదట పడీ పడీ నవ్వింది. తరవాత భయమేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి మాట ఇంతలా నమ్ముతారా, వెర్రితల్లులు!

రంగనాథ్ వచ్చి గొంతు తగ్గించాడు.

"చిన్న పనే అమ్మా. ఆ ఊరికి ఎగువన రంగుల ఫ్యాక్టరీ వస్తున్నది. జనం ఊకె లొల్లి చేస్తున్నరు. రేపు దాని మీద ఊరి మీటింగట. నీళ్ళకేం కాదని హెల్గా రాయాలె. ఈసారి డబల్ ఇస్త."

డబల్ అనగానే అనుమానమూ రెట్టింపైంది. కామా తప్పితే డబ్బు కోసే మనిషి ఇతను.

"ఏం కాదని ఎవరన్నారండి? నీళ్ళు పరీక్ష చేయించారా?"

"చేపిచ్చే ఉంటరు. మనకెందుకది?"

"మరి ఫ్యాక్టరీవాళ్ళే చెప్పుకోవచ్చు కదండి."

"వాళ్ళు చెప్తే ఎవలు నమ్ముతరు? హెల్గా అంటే ఇంటిమనిషి."

అదీ సంగతి! ఢిల్లీ జియా సరాయ్‌లోని గదినుంచి రోజూ మెట్రోలో వస్తూ శరణ్య కాళిందీ కుంజ్ దగ్గర యమున మీద తేలే మురికి నురగ చూస్తుంది. దీనికీ ఏం కాదని ఒకప్పుడు ఎవరో ఇంటిమనిషే చెప్పి ఉంటారు.

తెరమీద అప్పుడే గ్రేటా అనే ముసలావిడ ప్రశ్న వచ్చి పడింది: "హెల్గా, నువ్వు మన ఊరి పిల్లవి. ఫ్యాక్టరీ వచ్చాక నా మనవరాలికి ఆ నీళ్ళు తాగించవచ్చా? నువ్వేమంటే అదే."

శరణ్యకి సిగ్గుతో చెవులు మండాయి.

"దీపాల అబద్ధంతో ఎవరికీ ఏమీ పోలేదండి. ఈ అబద్ధాన్ని తాగుతారు. నేను రాయనండి."

"రూమ్ రెంట్ ఎట్ల కడ్తవ్? మనోళ్ళ పిల్లవని పని ఇచ్చిన."

"మనోళ్ళనే కదండి, ఇన్నాళ్ళూ నోరు మూసుకుని చేశాను."

రంగనాథ్ మొహంలో తీపి ఇంకిపోయింది. "ఠీక్ హై. హెల్గా అంటే నువ్వొక్కదానివేనా? ఇంద్రాణీ, ఇటొచ్చి కూసో. ఇయాల్టిసంది హెల్గావి నువ్వు."

శరణ్య బ్యాగు తీసుకుని లేచింది. గ్రేటా ప్రశ్న తెరమీద అలాగే ఉంది. ఇంద్రాణి వచ్చి చదివింది. మళ్ళీ చదివింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది.

"కూసో," అన్నాడు రంగనాథ్ మళ్ళీ.

ఇంద్రాణి కూర్చోలేదు.